జేజి చెవితో వండిన చాప్స్

పోయిన బుధవారం పోర్క్ చాప్స్ మాడ్చాను. పెనం పట్టిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ పని చేయలేదు. వయసు మీదపడిందని అనుకునేవాళ్ళు అనుకోనీ, తప్పు మాత్రం చిమ్నీది. మా అబ్బాయి కిరణ్ ఈ మధ్య స్టౌ మీద నల్లద్దాల చిమ్నీ ఒకటి బిగించాడు. ముందర చేయి ఊపితే మొదలవుతుంది. మొదలైందంటే కర్నూలు బస్టాండులో బెంగళూరు బస్సు ఇంజను పక్కన నిలబడి వంట చేస్తున్నట్టే. పొగ లాగేస్తుంది, వాసన లాగేస్తుంది, ఒప్పుకుంటాను. దాంతోపాటు పెనం మీది సద్దు కూడా మింగేస్తుంది. సద్దు వినపడకపోతే నాకు చాప్స్ వండడం రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే ఎర్రగుంట్ల దాకా పోవాలి, మా జేజి దాకా పోవాలి. పోయే ముందు ఈ ఇంటి సంగతి రెండు మాటలు.

చిమ్నీ ఎవరికోసం వచ్చిందో నాకు తెలుసు. మా కోడలు శ్రావణిది ఆదోని. బట్టల అంగడి నడిపే శెట్ల ఇల్లు, కోడిగుడ్డు పేరు కూడా మెల్లిగా పలికే ఇల్లు. నేనేమో బుధవారం కాలేజీలో చివరి క్లాసు ముగించుకుని, వచ్చే దారిలో ఎముకతో కోయించిన పంది ముక్కలు తెచ్చుకునే మనిషిని. పెళ్ళి మాటల నాడే ఈ సంగతి వాళ్ళ నాన్న ముందర చెప్పాను, దాచలేదు. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి బుధవారం పూట ఒక్క మాట అనలేదు. అదే నాకు మింగుడుపడదు. నా చేతిలో సంచి చూడగానే నవ్వు మొహంతోనే గదిలోకి పోతుంది, తలుపు వేసుకుంటుంది, తలుపు కింది సందులో తడి టవలు పెడుతుంది. నేను పెనం కడిగి తలకిందులుగా బోర్లించాక బయటికి వచ్చి, "తిన్నారా అత్తయ్యా?" అని అడుగుతుంది. ఛీ అంటే నేనూ రెండు అంటాను. వాదన లేకుండా నాకు పొద్దు పోదని మా స్టాఫ్‌రూములో ఎవరిని అడిగినా చెబుతారు. తడి టవలుతో ఎవరు వాదిస్తారు?

మాడిన రోజు భోజనాల దగ్గర కిరణ్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నంద్యాల రోడ్డులో ఒక పోర్షన్ చూసినా. దగ్గరే గదా, రోజూ వస్తాంటాం. నీ బుధవారం నీకుంటుంది, ఆమెకూ ఇబ్బంది ఉండదు."

"ఇబ్బందని ఆమె చెప్పిందా?"

"చెప్పలేదు. నేనే చూస్తాండా గదా."

మా ఆయన పప్పన్నంలోకి తల వంచుకున్నాడు. ఈ ఇంట్లో శాంతి కాపాడే ఆయన పద్ధతి అది. శ్రావణి గ్లాసుల్లో నీళ్ళు పోస్తూ నా వైపు చూడలేదు. నా నాలుక మీదికి వచ్చిన మాట మా జేజిది. ఎప్పుడో ఎర్రగుంట్లలో మా నాయన నెత్తిన పడిన మాట. దాన్ని అనడానికి నాకు ఒక వారం పట్టింది.

జేజి అంటే మా నాయన తల్లి. కడప జిల్లాలో మేమంతా అట్లే పిలుస్తాం. ముద్దనూరు దగ్గర పల్లెలో సేద్యం చేసిన ఇల్లు. పెద్ద కొడుకు పెండ్లాం మజ్జిగలో నీళ్ళు ఎక్కువ కలుపుతుందని అలిగి, చిన్న కొడుకైన మా నాయన దగ్గరికి వచ్చేసింది. నాయన సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాకిచ్చిన క్వార్టరులో రెండు గదులు, ముందర అరుగు, వెనక రేకుల వంటిల్లు, దాని ముందు నాలుగు బండలు పరిచిన పెరడు. అన్నింటి మీదా సన్నటి బూడిదరంగు దుమ్ము. ఆరేసిన చీరలు దులిపి కట్టుకోవాలి, కరివేపాకు కడిగి మళ్ళీ కడగాలి. వాన పడ్డ రోజు ఆ దుమ్ములోంచి వచ్చే తడి సున్నం వాసన ఇప్పటికీ ఎక్కడైనా కొత్త గోడ పక్కన తగిలితే నేను ఆగిపోతాను. అమ్మ పేరు సుగుణ. కడపలో మిషన్ కాంపౌండులో పెరిగిన కిరస్తానీ పిల్ల, ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నర్సు. నాయన చేతికి రేకు కోసుకుంటే కుట్లు వేసింది అమ్మేనట. కుట్లు విప్పాక కూడా నాయన రోజూ డిస్పెన్సరీకి పోయి చేయి చూపిస్తా ఉంటే, "ఈ చేతికి ఇంక నేను చేసేదేం లేదప్పా" అనిందట అమ్మ. అట్లా మొదలైంది ఆ సంసారం.

అమ్మ వాళ్ళ నాయన ఆస్పత్రి దొరసాని బంగళాలో వంటమనిషి. దొరసాని తినే చప్పిడి చాప్స్‌కు మిరియాలూ వెల్లుల్లీ తగిలించి మన తిండి చేసినవాడు ఆయనే. అమ్మకు ఆ ఒక్క వంటా ఆయన దగ్గర నుంచి వచ్చింది. బుధవారం మా క్వార్టర్సు దగ్గర సంత. కూరగాయలు, మిరపకాయలు, చేపలు అన్నీ దాటినాక, చివర వేపచెట్టు కింద పంది మాంసం అమ్మే మనిషి కూర్చునేవాడు. పక్కటెముకతోనే, బొటనవేలు మందాన కోయమని అమ్మ చెబితే మొదట్లో ఆయన నమ్మలేదు. "నర్సమ్మా, ఇంత లావు ముక్క యాడ ఉడుకుతాది?" అనేవాడు. "నీకేల, కోయప్పా," అనేది అమ్మ. డ్యూటీ దిగి తెల్ల చీరతోనే వచ్చి, మసాలా నూరి కూర పెట్టే ఓపిక ఏ ఆడదానికి ఉంటుంది? చాప్స్ అయితే బియ్యం ఉడికే లోపల అయిపోతాయి. ముక్కల్లోని తడిని పొడి గుడ్డతో ఒత్తి తీసి, ఉప్పూ దంచిన మిరియాలూ పట్టించేది. బొగ్గుల కుంపటి మీద ఇనుప పెనం బాగా కాగనిచ్చేది. నూనె చుక్క కూడా వేయదు. ముక్కను పటకారుతో పట్టుకుని కొవ్వు అంచు మీద నిలబెడుతుంది. ఆ అంచు కరిగి కావలసినంత కొవ్వు అదే ఇస్తుంది. అప్పుడు పడుకోబెట్టి ఇక ముట్టుకోదు. మొదట చర్రుమని పెద్ద గోల. లోపలి నీరు పోయే కొద్దీ గోల సన్నబడుతుంది. సన్నబడిందంటే తిప్పాలి. రెండో వైపు కూడా అయ్యాక మూత పెట్టి, ఎముక దగ్గర ఎరుపు పోయే దాకా సన్న సెగ మీద ఉంచుతుంది. ముక్కలు తీసి, మిగిలిన కొవ్వులోనే ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ తిప్పి పైన వేసి, నిమ్మకాయ పిండుతుంది. అంతే వంట.

ఆ పెనానికి ఇంట్లోకి ప్రవేశం లేదు. అది జేజి చట్టం. పెరటి గోడకు మేకు కొట్టి అక్కడే తగిలించాలి, అక్కడే వండాలి, అక్కడే కడగాలి. జేజి కోడి తింటుంది, పొట్టేలు తలకాయ దగ్గర కూర్చుని ఎముకలు జుర్రుతుంది, పంది అనే మాట వింటే మాత్రం కొంగు ముక్కు మీదికి పోతుంది. నాకు చిన్నప్పుడే ఈ నోరు. "పంది కంపు తింటాదని నువ్వు తినవు, మన కోడి దిబ్బలో ఏం ఏరుకుంటాందో చూసినావా జేజీ?" అనేదాన్ని. "కోడి ఏరుకుంటాది. పంది మింగుతాది. రెండూ ఒగటేనా?" అనేది. ఈ తర్కానికి ఎకనామిక్స్ ఎంఏ చదివినా నాకు ఇంకా జవాబు దొరకలేదు.

బుధవారం సాయంత్రం కుంపటి రాజుకోగానే జేజి చిలక్కొయ్యకున్న ఖాకీ సంచి దించేది. అందులో ఒక చీర, నశ్యం డబ్బా, ఒంటిమిట్టలో కొనుక్కున్న రాములవారి పటం. సంచి పక్కన పెట్టుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ముందర అరుగు మీద కూర్చునేది. "నేను పోతాండా. ముద్దనూరికి పోతాండా. ఈ కొంపలో ఇంక నీళ్ళు గూడా ముట్టను," అని వీధికి వినపడేలా అరిచేది. పెరట్లోంచి అమ్మ, "ప్యాసింజరు పోయింది గదత్తా, రేపు పోదువులే," అనేది. అరుగు నుంచి పెరటి దాకా తలుపులన్నీ ఒకే వరుస. మాటలు అట్లా ఇటు నుంచి అటు, కుంపటి సద్దు అటు నుంచి ఇటు, అడ్డం లేకుండా పోయేవి. జేజి తిట్ల మధ్యలో హఠాత్తుగా ఆగి, తల పక్కకు వంచి, "ఓమ్మే సుగుణా! సద్దు తగ్గిండాది, తిప్పు! మాడుతాది!" అని కేకేసేది. అమ్మ తిప్పేది. ఒక్కసారీ జేజి చెవి తప్పింది లేదు. ముక్కు మూసుకున్నందుకేమో, ఆమె పనంతా చెవులే చేసేవి. తిప్పినాక మళ్ళీ తిట్లు. వంట ముగిసి, కడిగిన పెనం మేకుకు ఎక్కాక సంచి చిలక్కొయ్యకు ఎక్కేది.

ఒక బుధవారం నాయన స్నేహితుడెవరో ఫ్యాక్టరీ నుంచి కాఫీకి వచ్చాడు. జేజి ఆయన చేయి పట్టుకుని, "నువ్వన్నా నన్ను రైలెక్కించప్పా, నా కోడలు పంది వండుతాంది," అనింది. ఆయన నవ్వాడు, మా నాయన నవ్వలేదు. ఆ మనిషి పోయాక నాయన పెరట్లోకి వచ్చి, "ఇంక ఈ ఇంట్లో ఇది వండేది లేదు. అయిపాయ," అన్నాడు. అమ్మ పెనం కడిగి మేకుకు తగిలించింది. జేజి సంచిని మళ్ళీ చిలక్కొయ్యకు ఎక్కించింది, ఆశ్చర్యం, గెలిచిన మొహం మాత్రం కాదు.

తర్వాతి బుధవారాలు పప్పుతో గడిచాయి. జేజి అలవాటు కొద్దీ అరుగు మీదికి పోయి కూర్చునేది. సంచి దించే పని లేదు, ముక్కు మూసుకోవడానికి వాసన లేదు. "ఏం చేస్తాందే మీయమ్మ?" అని నన్నడిగేది. "పప్పు." "ఊఁ." అత్తాకోడళ్ళ మధ్య మాటలు ఉప్పు, నీళ్ళు, తలుపు దగ్గర ఆగిపోయాయి. నాయనకు ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషం. ఒక శుక్రవారం పొద్దున చూస్తే చిలక్కొయ్యకు సంచి లేదు. జేజి లోపల గదిలో కూర్చుని చీరలన్నీ మడతపెట్టి అందులో సర్దుతాంది. అరవకుండా. బుధవారం అరుపులకు నేనెప్పుడూ భయపడలేదు. ఆ మెల్లిగా మడతపెట్టే చేతులు చూసి భయపడ్డాను. "యాడికి జేజీ?" అంటే, "పెద్దోని దగ్గరికి. ఈడ నాతో పనేముండాది?" అనింది.

పోయుండేదే. ఆ మధ్యాహ్నమే కడప నుంచి కబురొచ్చింది, అమ్మ వాళ్ళ నాయన పోయినాడని. అమ్మ కడపకు పోయింది. నాకు జడ వేసే దిక్కు లేదని జేజి ఆగిపోయింది. అమ్మ తిరిగి వచ్చింది, డ్యూటీకి పోయింది, వచ్చి పడుకుంది. కంచంలో అన్నం కలిపి కలిపి వదిలేసేది. జేజి అరుగు మీద నుంచి చూస్తా ఉండేది. బుధవారం నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లోనే పట్టుకుంది. "పాపా, సంతకు పోయి ఆ ముక్కలు తీసకరాపో. మీయమ్మ తెచ్చే రకం. యెముక ఉండల్ల."

నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"ఏందట్ల చూస్తావు? ఆయమ్మ నాయిన చేతి వంట అది. మనిషి పాయ, వంట గూడా పోవల్నా?"

అమ్మ వచ్చే లోపల ముగించాలని జేజి తొందర. ముక్కుకు కొంగు చుట్టి తల వెనక ముడి వేసుకుంది, దారి కాసి దోచుకునేవాళ్ళ మాదిరి. ఉప్పు, మిరియాలు నేను చెప్పాను. మిగతాదంతా తనకు తెలుసనింది. తెలుసు కూడా. ఆ వంట చప్పుడు ఎన్నేళ్ళుగానో వింటాంది. వినడమే గానీ ఏనాడూ కళ్ళతో చూడలేదు. అరుగు మీద కూర్చున్న మనిషికి చర్రుమనే సద్దు వినపడితే ఏమనుకుంటుంది? మా సీమ ఇంట్లో చర్రుమంటే శెనక్కాయ నూనె. జేజి పెనంలో గరిటెడు కాదు, గిన్నెడు శెనక్కాయ నూనె పోసింది. కాగింది. అందులో కొవ్వు ముక్కలు వేసింది. అవి వాటి కొవ్వు అవి వదిలాయి. పెనం అంచు దాటి నూనె బొగ్గుల మీద పడింది, మంట రేకులంత ఎత్తు లేచింది. "రామా!" అని జేజి ఒక్క గంతులో తులసి కుండ దాకా పోయింది. నేను చెంబుడు నీళ్ళెత్తాను. సరిగ్గా అప్పుడే అమ్మ గేటు తీసుకుని వస్తాంది. పరుగున వచ్చి నా చేతిలోని చెంబు తోసేసి, పెనం మీద మూత బోర్లించి, పటకారుతో పెనాన్ని బండ మీదికి లాగింది. నల్ల పొగ అంతా సర్దుకున్నాక అడిగింది.

"అత్తా, నూనె ఏల పోస్తివి?"

"పోయకుంటే చర్రుమని ఎట్ల అరుస్తాదే? ఇన్నేండ్లూ వింటాండా గదా!"

అమ్మ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. మొహానికి చుట్టిన కొంగు, పైన రెండు కళ్ళు, చేతిలో గరిటె. కడప నుంచి వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వింది. నవ్వుతా నవ్వుతా బండల మీద కూలబడింది. నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు. జేజి దగ్గరికి పోయి, వంగి, పంది కొవ్వు అంటిన చేతులు ముందుకు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "నా చేతులు బాగలేవుమే," అనింది. "ల్యాకుంటే పట్టుకుందును."

అమ్మే ఆ చేతులు పట్టుకుంది.

షిఫ్టు దిగి వచ్చిన నాయన పొగ చూసి, పెనం చూసి, "ఇది వండద్దని చెప్పినా గదా?" అన్నాడు. జేజి కొంగు ముడి విప్పకుండానే తిరిగింది. "నువ్వెవురురా మద్దెన? వండేది ఆయమ్మ, వద్దనేది నేను. మా ఇద్దరిదీ కొట్లాట. నిన్ను తీర్పు చెప్పమని ఎవురు పిలిచిరి?" నాయన చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయాడు. అమ్మ మాడినదంతా గీకి తీసి, మిగిలిన దాంతోనే అన్నం తినింది. నూనె కారుతా ఉన్న ఆ ముక్కలను ఎముక కనపడే దాకా తినింది.

ఈ కథ ఎవరికి చెప్పినా, "చివరికి మీ జేజి కూడా రుచి చూసిందన్నమాట," అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. చూడలేదు. ఆ సాయంత్రం కొళాయి కింద తలకు పోసుకుని, అరుగు మీద కూర్చుని పెరుగన్నం తినింది. పోయే దాకా ఆ మాంసం ముట్టలేదు, ఆ పెనాన్ని గడప దాటనివ్వలేదు. మనిషి మారితేనే ప్రేమ ఉన్నట్టు లెక్క వేసేవాళ్ళకు మా జేజి అర్థం కాదు. తర్వాతి బుధవారం కుంపటి రాజుకోగానే ఖాకీ సంచి దిగింది. "నేను పోతాండా, ముద్దనూరికి పోతాండా," అని కేక లేచింది. పెరట్లో అమ్మ మొహం నేను చూశాను. పండగ పూట ఇంటికి చుట్టం వచ్చినట్టు ఉంది ఆ మొహం. "ప్యాసింజరు పోయింది గదత్తా," అనింది. ఆ సంచి ముద్దనూరికి ఎప్పుడూ పోలేదు.

అప్పటి ఇంట్లో రెండు గదులు, వరుస తలుపులు. ఎవరికి ఏది పడదో వీధి చివరి దాకా తెలిసేది. ఇప్పుడు మాకు మూడు పడక గదులు, ప్రతి తలుపుకూ గడియ. ఒకరి ఇష్టం ఒకరికి అడ్డం రాకుండా యంత్రాలు కొనుక్కున్నాం. పెద్ద మాట మాట్లాడుకోని ఇల్లని అపార్ట్‌మెంటులో మాకు మంచి పేరు. అమ్మ పోయాక నేను అడిగి తెచ్చుకున్నది ఆ ఇనుప పెనం ఒక్కటే. దాన్ని నేరుగా వంటింటి అరలోకి చేర్చింది నేనే, జేజి చట్టం పక్కకు తోసి. అడిగే మనిషి లేదు కదా అనుకున్నాను.

నిన్న మళ్ళీ బుధవారం. పెనం పెట్టాను, చిమ్నీ ముందర చేయి ఊపలేదు. కాసేపటికి గది తలుపు తెరుచుకుంది. శ్రావణి చున్నీ ముక్కుకు అదుముకుని వచ్చి నిలబడింది.

"చిమ్నీ పాడైందా అత్తయ్యా?"

"బాగానే ఉండాది. నేనే వేయలేదు."

"ఇల్లంతా వాసన వస్తుంది కదా."

"వస్తాది. నీకు పడకపోతే పడదని చెప్పు. గట్టిగా చెప్పు."

హాల్లోంచి కిరణ్ లేచి వచ్చాడు. "అమ్మా, ఎందుకిదంతా? ఆ పోర్షన్ ఓనరుతో మాట్లాడినా గదా..."

"నువ్వెవురురా మద్దెన?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వాడు వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

శ్రావణి నా వైపు చూసింది, వాడు పోయిన వైపు చూసింది. చున్నీ వెనక నుంచే మొదలుపెట్టింది. "నాకు అస్సలు పడదత్తయ్యా! బుధవారం వస్తే పొద్దున్నుంచే కడుపులో తిప్పుతుంది. ఆ పెనం నా పూజ గిన్నెల పక్కన ఎందుకు పెడతారు? వచ్చినప్పటి నుంచి అడుగుదామనుకుంటున్నా."

"అడగాల్సింది. నోరు లేదా?"

"మీతో వాదించి ఎవరు గెలుస్తారు?"

"గెలవమని ఎవరన్నారు? వాదించు చాలు. ఈ పెనానికి బాల్కనీ గోడకు మేకు కొట్టిస్తా. వండడం మాత్రం మానను."

"మానకపోతే నేను ఆదోనికి పోతా!" అని గిరుక్కున తిరిగి బాల్కనీలోకి పోయి కుర్చీలో కూర్చుంది. గది తలుపు తెరిచే ఉంది. టవలు నేల మీద పడి ఉంది.

"ఈపొద్దు బస్సు పోయింది, రేపు పోదువులే," అన్నాను స్టౌ వైపు తిరిగి.

 పెనం మీద చర్రుమనే గోల ఒక్కటే ఇల్లంతా. నాకు కళ్ళు మసకగా ఉన్నాయి, మిరియాల ఘాటు అనుకోండి. అప్పుడు బాల్కనీలోంచి, చున్నీ అడ్డంలోంచి, కోపం తగ్గని గొంతు వచ్చింది.

"అత్తయ్యా, ఆ సద్దు తగ్గింది. మాడుతుందేమో చూసుకోండి."

తిప్పాను.